మిషన్ థాంక్యూ అన్నాక

పోయిన ఆదివారం ఆయన చనిపోయాడు. ఆదివారం పోయాడంటే మాలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. డ్యూటీ టైంలో సొంత పనులు పెట్టుకునే మనిషి కాదాయన.

కబురు ఫోన్లో వచ్చింది. జడ్చర్ల దగ్గర ఆ మందుల కంపెనీ మానేసి నాకు ఏళ్లు గడిచాయి. అయినా వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి నన్నెవరూ తీసెయ్యలేదు, నేనూ బయటికి రాలేదు. చేతులు జోడించిన బొమ్మలు బోలెడన్ని వచ్చాక కింద ఒక నోటీసు. సోమవారం సాయంత్రం ఆరుంబావుకు ప్యాకింగ్ హాల్లో సంతాప సభ, అందరూ పంచ్ కొట్టి రావలెను. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. బతికుంటే ఆయన తన సంతాప సభకు తనే వెళ్లేవాడు కాదు.

పంచ్ కొట్టి రావడమంటే ఏమిటో చెప్పాలి. అక్కడ పని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా, మధ్యలో గంట తిండికి. కాగితం మీద ఎనిమిది గంటలు, వంక పెట్టడానికి లేదు. ఆరు కాగానే సైరన్ మోగుతుంది. రెండు వందల మందిమి ముందు గేటు దగ్గర వరసకట్టి మిషన్ మీద వేలు పెడతాం. లోపలినుంచి ఒకావిడ గొంతు థాంక్యూ అంటుంది. అంటే మనం ఇంటికి పోయినట్టు. అట్లా పోయినట్టు రాయించుకుని, ప్రహరీ చుట్టూ తిరిగి, వెనక గేటు గుండా మళ్లీ లోపలికొచ్చి ఎనిమిదిదాకా, తొమ్మిదిదాకా పనిచేస్తాం. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను చేరేనాటికే అది ఆచారం. కొత్తవాళ్లకు క్యాంటీన్ ఎక్కడో, చెప్పులు ఎక్కడ విడవాలో చూపించినట్టే వెనక గేటూ చూపించేవాళ్లు. నాకూ చూపించారు. ఎందుకని నేనూ అడగలేదు.

ఆయన ఒక్కడే థాంక్యూ అనిపించుకుని నిజంగా ఇంటికి పోయేవాడు.

నేను ప్యాకింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జిని, ఆయన నా కింద డబ్బాలకు టేపు వేసేవాడు. కాబట్టి కారణం అడగడం నా ఉద్యోగం. నేను చేరిన కొత్తలో అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఆమె థాంక్యూ అన్నంక గూడ ఉంటే ఏం బాగుంటది సార్? సుట్టాలింటికి పోయినప్పుడు, ఇగ పోయిరా అన్నంక మళ్ల లోపటికి పోయి మంచం మీద కూసుంటమా?"

యంత్రానికి మర్యాద చూపించే మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అప్పటికి ఆయనకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజం మీద గళ్ల తువ్వాల. పొద్దున తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. గేటు ఎదురుగా కల్వర్టు మీద కూర్చుని లారీలు లెక్కపెట్టుకునేవాడు. తొమ్మిది కొట్టగానే లేచొచ్చి తల ఎత్తకుండా పనిలో పడేవాడు. ఆయన వేసిన టేపు గీత గీసినట్టు ఉండేది. ఆయన కట్టిన డబ్బా ఒక్కటి కూడా వెనక్కి రాలేదు, అదే మా మేనేజరుకు తలనొప్పి. తప్పు పట్టుకుందామంటే పట్టు దొరకదు. ఐదు నలభై దాటాక కొత్త డబ్బా ముట్టుకునేవాడు కాదు. చేతిలో ఉన్నదాన్ని ముగించి, కత్తెర కడిగి, టేపు చివర మడిచి, రేపటి మనిషికి గోరు పెట్టి వెతికే బాధ లేకుండా చేసి లేచేవాడు. రేపటి మనిషి కూడా ఆయనే.

మధ్యాహ్నం గంటలో ఇరవై నిమిషాలు తిండి, పది నిమిషాలు కథ, మిగతాది నిద్ర. ఆయన అత్తగారిది అచ్చంపేట వైపు. పెళ్లయిన కొత్తలో అక్కడి అడవిలో ఎలుగుబంటి ఎదురుపడిందట. ఆ కథ మాకు రోజూ పది నిమిషాలు చెప్పేవాడు. పది అయిపోగానే, ఎలుగుబంటి చెయ్యెత్తి ఉన్నా సరే, మొహం మీద తువ్వాల కప్పుకునేవాడు. మరునాడు సరిగ్గా ఆ ఎత్తిన చెయ్యి దగ్గరే మొదలయ్యేది. ఎనిమిది నెలలు నడిచింది. తువ్వాల కప్పుకున్నాక మంటలంటుకున్నాయన్నా లేవడని మా నమ్మకం. ఒకసారి మేనేజరే వచ్చి పిలిస్తే తువ్వాల ఒక అంచు ఎత్తి, రెండింటికి సార్ అని చెప్పి మళ్లీ దించాడు.

ఇంకో వింత. లోపల ఉన్నంతసేపూ నన్ను సార్ అనేవాడు. గేటు దాటిన అడుగులోనే బిడ్డా అయిపోయేవాణ్ని. ఆరింటికి ముందు గేటు దగ్గర, పోయొస్త సార్ అంటూ వేలు పెట్టి, అవతల కాలు పెట్టగానే వెనక్కి తిరిగి, టైముకు తిను బిడ్డా అనేవాడు. రెండింటికీ మధ్య ఒక్క అడుగు దూరం.

మా మేనేజరుకు మీటింగుల పిచ్చి ఉండేది. ప్రతి మీటింగులోనూ మనమంతా ఒక కుటుంబం అనేవాడు. ఒకరోజు ఈయన వెనక వరసలోంచి లేచి చాలా వినయంగా, ఇంటికాడ ఇదివరకే ఒక కుటుంబం ఉన్నదని, ఇంకోటి పెట్టుకుంటే ఊర్లో రెండిండ్లోడంటారని విన్నవించుకున్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. మేనేజరు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మెడ దాటి కిందికి దిగలేదు. ఆ సాయంత్రమే నన్ను పిలిపించాడు.

ఆరు కాగానే ఈ మనిషి ఎక్కడికి పోతున్నట్టు అని అడిగాడు. ఇంటికి అన్నాను. ఇంటికి పోయి ఏం చేస్తాడు అన్నాడు. తెలియదన్నాను. వేరే కంపెనీలో రెండో పని చేస్తున్నాడనీ, కాకపోతే నిజంగానే రెండో ఇల్లు ఉందనీ మేనేజరు అనుమానం. ఊరికే ఇంటికి పోయేందుకు మనిషి ఇంత తొందరపడడని వాదన. వెనకాలే వెళ్లి చూసి రిపోర్టు రాసివ్వమన్నాడు. కారణం గట్టిదైతే వదిలేద్దాం, లేకపోతే తీసేద్దాం అన్నాడు. టేపు వేసే ఆయనకు గుంటెడు భూమి లేదు, ఆ ఉద్యోగం తప్ప ఆధారం లేదు. ఇట్లా ఒక మనిషి తిండి నా రిపోర్టు మీద పడింది.

నిజం చెప్పాలంటే నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఆరింటికి బయటపడే అవకాశం మూడేళ్లలో అదే మొదటిసారి. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె, జడ్చర్లలో కిరాయికుండేవాళ్లం. మా పాపకు నాలుగేళ్లు. ఇన్‌ఛార్జినని నేను అందరికన్నా గంట ముందే వెళ్లాలి, అప్పటికి అది లేవదు. నేను తిరిగొచ్చేసరికి పడుకునేది. ఆదివారాలు నేను పగలంతా నిద్రపోయేవాణ్ని. మీ బాపు ఏం చేస్తాడని బడిలో అడిగితే పంటడు అని చెప్పిందట.

మొదటి రోజు ఆయన మోపెడ్ వెనక నా బండి మీద బయల్దేరాను. అంత నెమ్మదిగా పోయే మనిషి వెనక దొంగతనంగా పోవడం మహా కష్టం. రెండుసార్లు దాటేసి, మళ్లీ ఆగి, టైరు చూస్తున్నట్టు నటించాల్సి వచ్చింది. హైవే దిగి కాసేపు పోతే వాళ్ల ఊరు. ఊరి చివర రేకుల ఇల్లు. నేను గడ్డివాము చాటున నిలబడ్డాను. ఆయన స్నానం చేసి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇంటి ముందు వేసుకుని కూర్చున్నాడు. భార్య చాయ్ ఇచ్చింది. తాగాడు. మళ్లీ కూర్చున్నాడు. అంతే. బాట మీద పోయేవాళ్లు పలకరిస్తే పలికాడు. ఒక మేక వస్తే చూశాడు. పొద్దు పూర్తిగా గూకేదాకా అదే పని. నేను తిరిగి కంపెనీకి వెళ్లి, ఆగిపోయిన నా పని ముగించుకుని, ఎప్పటిలాగే ఇల్లు చేరాను.

రెండో రోజూ అంతే, మేక కూడా వచ్చింది. మూడో రోజు నేను గడ్డివాము చాటుకు చేరానో లేదో, ఆయన మెడ తిప్పకుండానే పిలిచాడు.

"బిడ్డా, ఆడ పురుగుపుట్ర ఉంటది. ఇటొచ్చి కూసో, ఇంకో కుర్చీ ఉన్నది."

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి కూర్చున్నాను. ఎవరు, ఎందుకొచ్చారు అని అడక్కుండానే ఆయన భార్య నాకూ చాయ్ తెచ్చింది. మూడు రోజుల నుంచి ఒకడు గడ్డివాము దగ్గర కాపలా ఉంటున్నాడని ఊరంతటికీ తెలుసట, పాపం ఎవరి పిల్లోడో అనుకుంటున్నారట. నేను దాచకుండా సంగతంతా చెప్పేశాను. ఆయన హాయిగా నవ్వాడు.

ఏం రాయమంటావు కాకా అన్నాను. కూసుంటడని రాయి అన్నాడు. అట్లా రాస్తే ఉద్యోగం పోతుంది, కారణం కావాలి, అవ్వకు పానం బాగలేదనో, నీకే బీపీ ఉన్నదనో రాస్తాను, విడిచిపెడతారు అన్నాను. వాళ్లమ్మ చనిపోయి పదేళ్లయిందట. బీపీ లేదట, దవాఖానలో మొన్ననే చూపించుకున్నాడట. లేని రోగం ఎందుకు తెచ్చుకోవాలన్నాడు.

తర్వాత ఆయనే మాట్లాడాడు. వాళ్ల నాన్న ఆ ఊళ్లోనే ఒక దొర దగ్గర పాలేరుగా జీతమున్నాడట. కోడి కూయకముందు పోయి దీపాలు పెట్టాక వచ్చేవాడట. ఆ రేకుల ఇంటి గోడలు తనే పెట్టుకున్నాడు గానీ, ఆ ఇంటి ముందు పొద్దు ఉండగా ఒక్కనాడు కూర్చోలేదట. "మా నాయిన మొఖం నాకు దీపం ఎలుగుల్నే ఎరుక బిడ్డా" అన్నాడు. ఇదే రాస్తాను కాకా, ఎంత రాతిగుండె అయినా కరుగుతుంది, మేనేజరు నోరెత్తలేడు అన్నాను. ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"రాయకు. నువ్వు కారణం రాసినవనుకో, రేపు కారణం లేనోడు పోనీకి ఉండదు. నాకంటే మా నాయిన కథ ఉన్నది. ఏ కథ లేనోడు ఏం జేయాలె? పనైపోయినంక మనిషి ఊకనే ఇంటికి పోవాలె బిడ్డా. ఊకనే."

అట్లా నేను నిజమే రాశాను. సాయంత్రం ఆరు ఇరవైకి ఇల్లు చేరుతారు, స్నానం చేస్తారు, కుర్చీలో కూర్చుంటారు అని. రిపోర్టు మేనేజరు దగ్గర్నుంచి ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. కూర్చుని? అని ఉంది. కూర్చుంటారు అని రాసి పంపాను. ఎందుకు? అని మళ్లీ వచ్చింది. ఊరికే అని రాశాను. ఇట్లా ఆ కాగితం నాలుగుసార్లు తిరిగి, చివరికి ఎంక్వైరీ పెట్టారు.

ఎంక్వైరీ ఐదున్నరకు మొదలైంది. బల్లకు అవతల మేనేజరు, హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఇవతల ఆయన, పక్కన సాక్షిగా నేను. నేరం రాయడం దగ్గరే బండి ఆగిపోయింది. డ్యూటీ అయిపోగానే ఇంటికి పోతున్నాడు అని మేనేజరు చెప్పగా, టైపు చేసే అమ్మాయి ఆగి, అంతేనా సార్, ఇంకేమైనా ఉందా అంది. సరే, తోటివాళ్లంతా పనిచేస్తుంటే ఈయన పోతున్నాడు అని రాయమన్నాడు. అప్పుడు కాకా లేచి, హాజరు కాగితాలు జర తెప్పించమని అడిగాడు. తెప్పించారు.

"ఈ కాయితాల్ల అందరు ఆరింటికే పోయిండ్రు గద సార్. నేను గూడ అందర్తోనే పోయిన. ఎవరు ఉన్నరు, నేనెవర్ని ఇడ్సిపెట్టి పోయిన?"

ఆయన తప్పు చేశాడని రాయాలంటే మిగతావాళ్లు వెనక గేటు నుంచి తిరిగొచ్చారని రాయాలి. అట్లా ఒకరు తిరిగొచ్చినట్టు కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేదు. హెడ్డాఫీసు పెద్దమనిషి చెమట తుడుచుకున్నాడు. మేనేజరు రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఈలోపు సైరన్ మోగింది. కాకా అందరికీ నమస్కారం పెట్టి, మిగిలింది రేపు అడుగుండ్రి సార్ అని వెళ్లిపోయాడు. రేపు అడగడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు.

కాగితం మీద తీసెయ్యడం కుదరలేదు గనక, తనంతట తానే మానేసేట్టు చేస్తానన్నాడు మేనేజరు. మరునాడే ఆయన్ని ప్యాకింగ్ నుంచి తీసి వెనక గేటు దగ్గర కాపలా వేశాడు. రోజూ రెండు వందల మంది తిరిగి పనిలోకి రావడం కళ్లారా చూస్తే సిగ్గొచ్చి దారికొస్తాడని లెక్క. తల ప్రాణం తోకకొచ్చినప్పుడు మనిషికి ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి. ముప్పై ఏళ్లు చేతిపని చేసినవాణ్ని గేటు దగ్గర నిలబెట్టడం నాకు నచ్చలేదు గానీ నేను నోరు తెరవలేదు. ఆయన మాత్రం వెళ్లి గేటు చూసుకున్నాడు. గేటు పక్కన గోడకు ఎప్పటిదో తుప్పు పట్టిన బోర్డు ఉండేది. సాయంత్రం ఆరు గంటలకు గేటుకు తాళం వేసి, తాళంచెవి టైం ఆఫీసులో ఇచ్చి సంతకం చేయవలెను అని. దాన్ని చదివిన మొదటి మనిషి ఆయనేనని నా నమ్మకం.

ఆ సాయంత్రం మేం ఎప్పటిలాగే థాంక్యూ అనిపించుకుని, గోడ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసరికి గేటుకు తాళం. ఆయన ఆరింటికి తాళం వేసి, టైం ఆఫీసులో చెవి ఇచ్చి, సంతకం పెట్టి, ముందు గేటులో వేలు పెట్టి అప్పటికే ఇంటిదారి పట్టాడు. చెవి తీసుకున్న టైం ఆఫీసరు దాన్ని బీరువాలో పెట్టి, బీరువాకు తాళం వేసి, తనూ పంచ్ కొట్టి, అలవాటు ప్రకారం మాతోపాటే వెనక గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముందు గేటులోంచి పోదామంటే అక్కడ మళ్లీ వేలు పెట్టాలి, పెడితే రికార్డులో పడుతుంది. అందుకని పోవడానికి వీల్లేదు. రెండు వందల మందిమి బయట, మేనేజరు ఒక్కడే లోపల, మధ్యలో ఇనుప చువ్వలు.

మేనేజరు చువ్వలు పట్టుకుని కేకలేశాడు. టైం ఆఫీసరు బీరువా చెవి చువ్వల సందులోంచి అందించాడు. మేనేజరు దాన్ని తీసుకుని టైం ఆఫీసు వైపు పరిగెత్తాడు. ఆ ఆవరణ చిన్నది కాదు, ఆయన వయసూ చిన్నది కాదు.

మేం నిలబడ్డాం. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. పొద్దు ఇంకా గూకలేదు. ఎదురు పొలంలో ఎవరో మోటరు ఆపి ఇంటికి పోతున్నారు. వెలుతురులో ఒకరి మొహం ఒకరం చూసుకుంటే కొత్తగా అనిపించింది. ఒకమ్మాయి, ఇప్పుడు పోతే సంత దొరుకుతదేమో అని మెల్లగా అంది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది. తర్వాత ఇద్దరు పోయారు. తర్వాత ఐదుగురు. టైం ఆఫీసరు చెప్పులోంచి రాయి దులుపుకుంటున్నట్టు పక్కకు జరిగి, అట్లే జరుగుతూ రోడ్డెక్కాడు.

మేనేజరు రొప్పుతూ వచ్చి గేటు బార్లా తెరిచేసరికి ముప్పై మందిమి మిగిలాం. వాళ్లంతా నావైపు చూశారు. ఇన్‌ఛార్జిని కదా, నేను అడుగుపెడితే వాళ్లు నా వెనకే వస్తారు. పద పద అన్నాడు మేనేజరు. నాకు పాప గుర్తొచ్చిందని, కాకా మాటలు గుర్తొచ్చాయని చెప్పుకుంటే బాగుంటుంది. అవేవీ కాదు. ఆ గేటు అంత బాగా తెరిచి ఉండటం చూస్తే భయమేసింది. వెనక్కి తిరిగి బండి తీశాను.

ఆరు నలభైకి ఇల్లు చేరాను. నా భార్య వాకిట్లో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే చాట కింద పెట్టేసింది. మొహం పాలిపోయింది.

"తీసేసిర్రా?" అంది.

లేదన్నాను. జ్వరమా అని నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. ఊళ్లో ఎవరికైనా ఏమన్నా అయిందా అంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటి ఓనరామె కూడా గోడ మీదుగా తొంగిచూసి, ధైర్యంగా ఉండాలని, ఉద్యోగాలు మళ్లీ దొరుకుతాయని చెప్పి పోయింది.

"మరెందుకొచ్చినవ్?" అంది నా భార్య, ఏడుపు గొంతుతో.

"ఊకనే వచ్చిన" అన్నాను.

పాప తలుపు పట్టుకుని నన్ను ఎగాదిగా చూస్తోంది. నేను నిలబడి ఉండటం దానికి వింతగా ఉంది. కాసేపటికి దగ్గరికొచ్చి నా వేలు పట్టుకుని, "రేపు గూడ ఊకనే వస్తవా బాపూ?" అని అడిగింది. వస్తా బిడ్డా అన్నాను.

మరునాడు వెనక గేటుకు కొత్త వాచ్‌మన్ వచ్చాడు, కాకాను మళ్లీ ప్యాకింగ్‌లో వేశారు, గేటు బార్లా తెరిచి ఉంది. నేను దాంట్లోంచి లోపలికి వెళ్లాను. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పాప ఆరింటి నుంచీ గడపలో కూర్చుని, ఎంత పిలిచినా లేవక, అక్కడే నిద్రపోయిందట. ఎత్తుకుపోయి మంచంలో వేశానని నా భార్య చెప్పింది.

వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చాను. దానికో ఫారం ఉంటుంది, అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. ఏదో ఒకటి రాయమని మేనేజరు మూడుసార్లు వెనక్కి పంపాడు. అనారోగ్యమనో, సొంత ఊరికి పోతున్నాననో రాస్తే సరిపోతుందని బతిమాలాడు కూడా. నేను మూడుసార్లూ సంతకం మాత్రం పెట్టి, ఆ గడి ఖాళీగానే ఇచ్చాను.